సీసపు గుండు, దాని పూత

గిద్దలూరు దగ్గర 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులు కంపెనీ సేనతో తలపడిన సంగతి మీరు చదివారు. ఆ కాలపు నాటు తుపాకులకైనా సిపాయిల మస్కెట్లకైనా గొట్టం లోపల సాధారణంగా నున్నగా ఉండేది. సీసపు గుండు వదులుగా దిగేది కాబట్టి పూత పెద్ద సమస్య కాలేదు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది; కట్టెల పొయ్యి మీదే గుండ్లు పోసుకోవచ్చు.

ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వచ్చాక లెక్క మారింది. దాని గొట్టంలో మెలితిరిగిన గాడులుంటాయి. గుండు వాటిని పట్టుకుని గిరగిర తిరిగితేనే గురి కుదురుతుంది. కానీ మెత్తని సీసం గాడులకు అంటుకుంటుంది, మందు మసి పేరుకుంటుంది. అందుకే తూటా కాగితానికి కొవ్వు పూశారు.

1857 సిపాయిల ఆగ్రహాన్ని కొందరు మూఢనమ్మకంగా కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. తుపాకికి కందెన కావాలి. అది ఆవు కొవ్వో పంది కొవ్వో కానక్కరలేదు. ఆ జనవరిలోనే సిపాయిలు తమకు నచ్చిన కందెన పూసుకోవచ్చని ప్రభుత్వం అనుమతించింది. అప్పటికే అనుమానం బ్యారకుల్లో పాకింది.

తర్వాత రైఫిల్ గుండ్లకు రాగి తొడుగులు వచ్చాయి. నేటి పిస్తోలు సీసపు గుండ్లకు పాలిమర్ పూత వేస్తున్నదీ గొట్టానికి సీసం అంటకుండా ఉండటానికే.