రేవులో ఫోటో పట్టుకున్న ఆమె

కాలిఫోర్నియాలోని లివింగ్‌స్టన్ చరిత్ర చదువుతుంటే నన్ను వెంటాడిన ప్రశ్న ఒకటే: ఇందులో ఆడవాళ్ళెక్కడ? 1900ల తొలి దశాబ్దంలో క్రైస్తవుడైన పత్రికాధిపతి క్యుతారో అబికో అక్కడి ఇసుకనేల కొని, జపాన్ వలసదారులకి అమ్మి, 'యమాతో కాలనీ' నిలబెట్టాడు. నేను చదివిన కథనాలన్నీ ఆయన దూరదృష్టి చుట్టూనే తిరుగుతాయి.

1908 తర్వాత జపాన్ కూలీల రాకకి అడ్డుకట్ట పడింది. భార్యలకి మాత్రం దారి మిగిలింది. ఫోటోలతో కుదిరిన పెళ్ళిళ్ళతో వేలాదిమంది స్త్రీలు ఓడ దిగారు. చాలామంది భర్తని తొలిసారి చూసింది రేవులోనే. అబికో భార్య యోనాకో 1912లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జపాన్ స్త్రీల కోసం వైడబ్ల్యుసిఎ స్థాపనకి పూనుకుంది. అలాంటి చోట్ల ఇంగ్లీషు, కుట్టుపని, అమెరికా మర్యాదలు నేర్పేవారు.

ఇది సేవా, లొంగదీయడమా? తెల్లవాళ్ళు వేలెత్తి చూపకుండా జాతి పరువు మోసే బరువు కొత్త కోడళ్ళ మీదే పడింది. అయినా, మొగుడూ పొలమూ తప్ప మరో లోకం లేని పల్లెలో, ఆదివారం చర్చి ఇంకో స్త్రీతో సొంత భాషలో మాట్లాడుకునే చోటు. దాన్ని నేను తీసిపారేయలేను.

ఆ మర్యాదలేవీ వాళ్ళని కాపాడలేదు. 1913 చట్టం జపనీయులు భూమి కొనకుండా చేసింది. 1920లో ఫోటో వధువులకి పాస్‌పోర్టులు ఆగాయి. 1942లో లివింగ్‌స్టన్ కుటుంబాలని మెర్సెడ్ మీదుగా కొలరాడోలోని అమాచి శిబిరానికి తరలించారు. బైబిలు చదివినవాళ్ళూ, బుద్ధుణ్ణి కొలిచినవాళ్ళూ ఒకే ముళ్ళకంచె వెనక.

పెళ్ళికోసం నా ఫోటో కూడా నాలుగూళ్ళు తిరిగింది. అందుకే ఈ చరిత్రని స్థాపకుడితో కాక, చేతిలో ఫోటోతో రేవులో నిలబడ్డ ఆమెతో మొదలుపెట్టాలనిపిస్తుంది.