పాలోళ్లు

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేసిండని పాఠంలో ఉంది. రాళ్లు మోసిన పాలమూరు లేబర్ అందులో లేరు. 1967లో కాల్వలకు నీళ్లొదిలితే నల్గొండ, గుంటూరు తడిసినయ్, పాలమూరు కాదు.

గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు మా అవ్వ బిజినేపల్లి నుంచి ఆ కట్టకు పోయింది. చంకలో మా నాయన. పక్క గుడిసె ఆమెదీ మా ఊరే. మాది వెలివాడ, ఆమెది ఊరి నడిమిట్ల. అవ్వకు పాలెండిపోతే ఆమె మా నాయనకు చన్నిచ్చి బతికించింది.

తిరిగొచ్చినంక అదే ఆమె బాయికాడ అవ్వ దోసిట్లోకి పైనుంచే నీళ్లు పోసింది. ఆమెను తిట్టాల్నో మొక్కాల్నో అవ్వకు తెల్వలే. చదువుకున్న నాకూ తెల్వదు.

ఆమె మునిమనవడు ఇప్పుడు నా తరగతిలోనే. సాగర్ పాఠం నాడు ఈ సంగతి చెప్పిన. తెల్లారి వాని నాయన బడికొచ్చిండు.

‘సారూ, ఆ ముచ్చటెందుకు తీసినవ్?’

‘మనం పాలోళ్లమే గద’ అన్న.

ఆయన బదులియ్యలే.