రెండు బ్యాలెట్ల నాటి నుంచి రిజర్వుడు సీటు దాకా

1957 లోక్‌సభ ఎన్నికల్లో మహబూబ్‌నగర్ ఓటరు చేతికి రెండు బ్యాలెట్ కాగితాలు ఇచ్చారు. రెండూ ఒకే అభ్యర్థి పెట్టెలో వేయకూడదు. అది ద్విసభ్య నియోజకవర్గం, రెండు సీట్లలో ఒకటి ఎస్సీలది. అక్కడి నుంచి వనపర్తి రాజా జె. రామేశ్వరరావు, ఎస్సీ స్థానంలో పి. రామస్వామి కలిసి గెలిచారు. దళితులు ఊరూరా ఉన్నా నియోజకవర్గం మొత్తంలో తక్కువమందే. తలల లెక్కే గెలుపును తేలిస్తే వాళ్ల మనిషి చట్టసభ గడప తొక్కడం కష్టం. ఆ చిక్కుకు విరుగుడుగా పుట్టిందే రిజర్వుడు సీటు.

దాని మూలం 1932 సెప్టెంబరు 24 నాటి పూనా ఒడంబడికలో ఉంది. అంతకుముందు నెలలో బ్రిటిష్ ప్రధాని మెక్‌డొనాల్డ్ దళితులకు ప్రత్యేక ఓటర్ల జాబితాతో 71 రాష్ట్ర శాసనసభ స్థానాలిచ్చాడు. గాంధీ నిరాహార దీక్షతో అంబేద్కర్ ఆ జాబితాను వదులుకోగా స్థానాలు 148 అయ్యాయి. ఓటు అందరిదీ అయింది. అయితే ముందుగా దళిత ఓటర్లే నలుగురిని ఎన్నుకోవాలి, ఆ నలుగురిలో ఒకరిని అందరూ గెలిపించాలి. అంటే మైనారిటీ సమ్మతి, మెజారిటీ సమ్మతి రెండూ కావాలి. గడువు పెట్టి తెచ్చిన ఆ తొలి మెట్టును రాజ్యాంగం కొనసాగించలేదు. నిజాం ఏలుబడిలో ఉన్న గద్వాల, వనపర్తి ప్రాంతాలు దాన్ని అసలు చూడనే లేదు.

1961 చట్టంతో ద్విసభ్య స్థానాలు రద్దయ్యాయి. 1967లో మహబూబ్‌నగర్ పక్కనున్న నాగర్‌కర్నూల్ ఎస్సీ స్థానమైంది. నేడు గద్వాల, వనపర్తి, అలంపూర్, కొల్లాపూర్, అచ్చంపేట, కల్వకుర్తి ఓటర్లు కూడా ఈ స్థానానికే ఓటేస్తారు. మిగతా కులాలవాళ్లకు పోటీ హక్కు పోయిందని కొందరంటారు. కానీ ఎన్నుకునే హక్కు వాళ్లకు పూర్తిగా ఉంది, పక్క నియోజకవర్గంలో పోటీకీ అడ్డులేదు. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది: అందరి ఓట్లతో గెలిచినవాడు తనవాళ్ల కోసం గట్టిగా నిలబడగలడా? ఇది నిజమైన ప్రశ్నే. కానీ లోపం ఉమ్మడి ఓటులో లేదు. పూనాలో దళిత ఓటర్ల చేతిలో పెట్టిన ఎంపిక ఇప్పుడు పార్టీ టికెట్టు ఇచ్చేవాళ్ల చేతికి పోయింది. తొలి మెట్టు మళ్లీ తెస్తే కులాలు విడిపోతాయన్న భయం అక్కర్లేదు, ఎందుకంటే తుది తీర్పు అందరిదే. ఈ రిజర్వేషన్ల గడువు 2030లో మళ్లీ చర్చకు వస్తుంది. పొడిగించాలా వద్దా అన్నంతటితో ఆ చర్చ ఆగకూడదు. అభ్యర్థిని ఎవరు ఎంచాలన్నదీ నాగర్‌కర్నూల్ ఓటరు అప్పుడు అడగాలి.