గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ – రోగనిరోధక సంకేతాలు

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హ్యూమన్ పాపిల్లోమా వైరస్ (హెచ్‌పీవీ) వల్లే వస్తుంది. ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నా, సుమారు 70 శాతం కేసులకు 16, 18 రకాలే కారణం. జర్మనీకి చెందిన హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983, 1984లలో వీటిని కణితుల్లో గుర్తించింది. అందుకు ఆయనకు 2008లో నోబెల్ బహుమతి దక్కింది. 2022లో ప్రపంచంలో సుమారు 6.6 లక్షల మంది ఈ జబ్బు బారిన పడ్డారు, 3.5 లక్షల మంది చనిపోయారు. ఆ ఏడాది మన దేశంలో కొత్త కేసులు లక్షా పాతిక వేలు దాటాయి.

వైరస్ సోకిన వాళ్లందరికీ క్యాన్సర్ రాదు. నూటికి తొంభై మందిలో రెండేళ్లు తిరిగేలోపే శరీరం దాన్ని వదిలించుకుంటుంది. మిగిలిన కొద్దిమందిలో అది ఎలా తిష్ఠ వేస్తుందన్నదే అసలు ప్రశ్న. జవాబు చాలావరకు కణాలు ఒకదానికొకటి పంపుకునే హెచ్చరికల్లో ఉంది.

కణం లోపల, కేంద్రకం బయట డీఎన్‌ఏ కనిపించిందంటే ఏదో చొరబడినట్టే లెక్క. సీగ్యాస్ అనే ప్రొటీన్ దాన్ని పసిగట్టి ఒక చిన్న అణువును తయారుచేస్తుంది. ఆ అణువు స్టింగ్ అనే మరో ప్రొటీన్‌ను మేల్కొలుపుతుంది. అక్కడి నుంచి సంకేతం ఐఆర్‌ఎఫ్3 అనే ప్రొటీన్ మీదుగా కేంద్రకానికి చేరి ఇంటర్‌ఫెరాన్ ఉత్పత్తిని మొదలుపెడుతుంది. ఊళ్లో దండోరా వేసినట్టు, ఇంటర్‌ఫెరాన్ చుట్టుపక్కల కణాలన్నిటినీ అప్రమత్తం చేస్తుంది. రక్షక కణాలు అక్కడికి చేరేది ఆ తర్వాతే.

హెచ్‌పీవీ ఈ హెచ్చరికనే నొక్కేస్తుంది. ముఖద్వారపు పొరలో కంటికి కనిపించనంత చిన్న గాయం గుండా అట్టడుగు కణాల్లో చేరుతుంది. రక్తంలోకి వెళ్లదు, కణాన్ని పగలగొట్టదు. కొత్త వైరస్‌లు తయారయ్యేది ఎలాగూ రాలిపోబోయే పైపొరల్లోనే. అందువల్ల వాపు ఉండదు, నొప్పీ ఉండదు.

క్యాన్సర్‌కు దారితీసే వైరస్ ప్రొటీన్లు ముఖ్యంగా రెండు. ఈ6 మన కణంలో కణితులను అడ్డుకునే పీ53 ప్రొటీన్‌ను నాశనం చేయిస్తుంది. ఈ7 ఆర్‌బీ ప్రొటీన్‌ను పట్టుకుని కణ విభజనకున్న అడ్డు తొలగిస్తుంది. పాఠ్యపుస్తకాలు చాలాకాలం ఇక్కడితో ఆగాయి. 2015లో వెలువడిన ఒక పరిశోధన ఇంకో సంగతి బయటపెట్టింది. 18వ రకం వైరస్ తాలూకు ఈ7, ఆర్‌బీని పట్టుకోవడానికి వాడే భాగంతోనే స్టింగ్ మార్గాన్ని కూడా అడ్డుకుంటోంది. అంటే కణాన్ని అదుపు తప్పించే పని, ఆ విషయం బయటికి పొక్కకుండా చూసే పని ఒకే ప్రొటీన్‌లోని ఒకే చోట జరుగుతున్నాయి. ఈ వ్యాధిని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే కీలకమైన ఆధారం మరొకటి లేదనిపిస్తుంది.

16వ రకం ఈ6 నేరుగా ఐఆర్‌ఎఫ్3కే అంటుకుంటుంది. ఈ5 అనే ఇంకో ప్రొటీన్, రక్షక కణాల్లో ఒక రకమైన టీ కణాలు వైరస్‌ను గుర్తుపట్టేందుకు కణం ఉపరితలంపై ఉండాల్సిన అణువులను లోపలే ఆపేస్తుంది. ముఖద్వారపు పొరలో కాపలా ఉండే లాంగర్‌హాన్స్ కణాలూ తగ్గిపోతాయి.

ఏళ్ల తరబడి వైరస్ ఉండిపోతే రక్షణ ఏర్పాట్లే ఎదురు తిరుగుతాయి. వైరస్ డీఎన్‌ఏను దెబ్బతీయాల్సిన అపోబెక్3 ఎంజైములు మన జన్యువుల్లోనే మార్పులు తెస్తాయి. ముదిరిన కణితులు పీడీ-ఎల్1 అనే అణువుతో టీ కణాలను నిలువరిస్తాయి. ఆ అడ్డును తొలగించే పెంబ్రోలిజుమాబ్ అనే మందుకు అమెరికాలో 2018లో ఈ క్యాన్సర్ చికిత్సకు అనుమతి వచ్చింది. టీ కణాల పాత్ర ఎంతటిదో, వాటిని నాశనం చేసే హెచ్‌ఐవీ చూపిస్తుంది: ఆ వైరస్ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువ.

హెచ్‌పీవీ రాకుండా వేసే టీకాలో ఈ6, ఈ7 ఉండవు. వైరస్ పైతొడుగులోని ఎల్1 ప్రొటీన్ మాత్రమే ఉంటుంది. సహజంగా వైరస్ సోకినప్పుడు పుట్టే యాంటీబాడీలు బలహీనం, టీకాతో వచ్చేవి ఎన్నో రెట్లు బలమైనవి. అయితే అవి వైరస్‌ను కణంలో చేరకుండా ఆపుతాయే తప్ప, చేరినదాన్ని తొలగించలేవు. కౌమారంలోనే టీకా వేయమనేది అందుకే. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు ఈ టీకా వేసే కార్యక్రమం మొదలై, వివాదం రేగి 2010లో ఆగింది. అదే సమయంలో దేశంలో వేరే చోట్ల జరుగుతున్న పరిశోధనలోనూ టీకాలు నిలిచిపోయి, చాలామంది బాలికలకు ఒక్క డోసే అందింది. పదేళ్ల తర్వాత చూస్తే ఆ ఒక్క డోసూ బాగానే కాపాడుతోందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక డోసు చాలని చెప్పడానికి అదీ ఒక ఆధారమైంది.

లోపల వైరస్ తిష్ఠ వేసినా శరీరం ఏ సూచనా ఇవ్వదు కాబట్టి పరీక్ష ఒక్కటే దారి. ముఖద్వారంపై ఎసిటిక్ ఆమ్లం పూసి నిమిషం ఆగితే తేడా ఉన్న చోటు తెల్లబారుతుంది. ముప్ఫై దాటిన ప్రతి స్త్రీ, టీకా వేయించుకున్నా సరే, ఈ పరీక్ష గానీ హెచ్‌పీవీ పరీక్ష గానీ తప్పక చేయించుకోవాలి.