పాలమూరు సంస్థానాల సీమలో స్త్రీ చైతన్యం: తరాల తేడాలు

నేటి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల సీమలోనూ, ఈ సీమ చదువరులు చేరుకొన్న హైదరాబాదులోనూ ఇరవయ్యో శతాబ్ది తొలి సగంలో స్త్రీల హక్కుల ఆలోచన తరం మారినకొద్దీ ఎలా మారిందన్నది ఈ వ్యాస విషయం. 2016 వరకు ఈ మూడూ మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోని భాగాలే. 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా గద్వాల, వనపర్తి, జటప్రోలు (కొల్లాపురం), అమరచింత (ఆత్మకూరు) సంస్థానాలు ఇక్కడ ఉండేవి.

కోస్తా నేపథ్యం

బ్రిటిషాంధ్రలో ఈ చర్చ ముందే మొదలైంది. వీరేశలింగం 1881లో తొలి వితంతు వివాహం జరిపించారు. భండారు అచ్చమాంబ ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో వెలువడింది. ‘సావిత్రి’ పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ స్త్రీ విద్యను గట్టిగా కోరుతూనే వితంతు వివాహాన్ని వ్యతిరేకించారు. పాత తరమంతా సంస్కరణ పక్షమనీ, కొత్త తరమంతా సమానత్వ పక్షమనీ గీత గీయడం అక్కడే పొసగలేదు. నిజాం రాజ్యంలో అసలే పొసగదు.

రాణులు

భర్త సీతారాం భూపాల్ 1924లో మరణించాక గద్వాల పాలన మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ చేతికి వచ్చింది. పండిత పోషణకు ఆమె పేరు మోసింది. గద్వాల చీరల నేతకూ ఆమె ఆదరణ ఉందని చెప్పుకొంటారు. అమరచింతలోనూ రాణి భాగ్యలక్ష్మమ్మ ఏలుబడి సాగింది. కొందరు స్థానిక చరిత్రకారులు ఈ రాణులనే ఇక్కడి తొలి తరం స్త్రీ చైతన్యానికి ప్రతినిధులుగా చూపుతారు. అది కొంత అతిశయమే అనిపిస్తుంది. భర్త పోయాక సంక్రమించిన అధికారం అది. దాని వల్ల సంస్థానంలోని తక్కిన స్త్రీల స్థితి మారిందని చెప్పే ఆధారాలు పలుచన. అయితే విధవరాలు దర్బారు నడపడం జనం కళ్లారా చూసిన విషయం. దాన్ని పూర్తిగా కొట్టిపారేయలేం.

సభల తరం

1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షుడు ధోండో కేశవ్ కర్వే, పుణె మహిళా విశ్వవిద్యాలయ స్థాపకుడు. తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకట రామారావును అక్కడ గేలి చేశారు. ఆ అవమానమే ఆంధ్ర జనసంఘానికి దారి తీసిందన్నది ప్రసిద్ధమే. ఇంకో సంగతిని మాత్రం తక్కువమంది గమనిస్తారు: మాడపాటి హనుమంతరావు 1928లో నెలకొల్పిన తెలుగు బాలికల పాఠశాలకు ఉర్దూ మాధ్యమపు ఉస్మానియా వ్యవస్థలో చోటు దొరకకపోతే, అనుబంధం ఇచ్చింది ఆ కర్వే విశ్వవిద్యాలయమే. ఆరుట్ల కమలాదేవి వంటివారు ఆ బడిలో చదివారు.

1930లో జోగిపేటలో మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు గద్వాల ప్రాంతపు ఇటికాలపాడుకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. దాని వెంటే జరిగిన మహిళా సభకు నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. అదే ఏడాది బ్రిటిషిండియాలో బాల్య వివాహాలను నిరోధించే శారదా చట్టం అమలులోకి వచ్చింది. నిజాం రాజ్యానికి అది వర్తించలేదు. కాబట్టి బాల్య వివాహాల మీద ఇక్కడి స్త్రీలు చేసిన తీర్మానాల వెనుక చట్టం అండ లేదు. 1931 దేవరకొండ మహిళా సభకు టి. వరలక్ష్మమ్మ అధ్యక్షత వహించారు (‘శారద లేఖలు’ రాసిన కనుపర్తి వరలక్ష్మమ్మ వేరు). 1935లో సిరిసిల్లలో ప్రధాన సభకు మాడపాటి, మహిళా సభకు ఆయన భార్య మాణిక్యమ్మ అధ్యక్షులు. పాలమూరు జిల్లాలో సభ జరిగింది 1936లో షాద్‌నగర్‌లో. మహిళాధ్యక్షురాలు బూర్గుల అనంతలక్ష్మమ్మ. కొన్ని జాబితాల్లో అనంతలక్ష్మీదేవి.

మహిళా సభలను మగవారి సభకు అనుబంధంగానే లెక్కించే రచనలు ఎక్కువ. సిరిసిల్లను చూస్తే అది నిజమే అనిపిస్తుంది. కానీ షాద్‌నగర్ సభ జరిగిన మరుసటి ఏడాది, 1937లో, నిజామాబాదు మహిళా సభకు అధ్యక్షత వహించిన నందగిరి ఇందిరాదేవికి పద్దెనిమిదేళ్లు, 1919లో పుట్టారు. అంత చిన్న వయసు ఆడపిల్లను పెద్దల సభలో అధ్యక్ష పీఠం మీద కూర్చోబెట్టడానికి జోగిపేట సభ తర్వాత ఏడేళ్లు చాలాయి. 1935 ప్రాంతంలో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర యువతీ మండలి పేరులోనూ ఆ కొత్త వయసు కనిపిస్తుంది. మగవారి సభ ఎప్పుడు జరుగుతుందా అని ఎదురుచూడనక్కర్లేని వేదిక అది.

తెలంగాణ సాయుధ పోరాటపు తరానిది వేరే దారి. దాని కేంద్రం నల్లగొండ, వరంగల్. పోరాటం విరమించాక స్త్రీలను తిరిగి ఇళ్లకు వెళ్లమన్నారన్న వేదన 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో నమోదైంది.

1911లో పుట్టినవారు

పుట్టిన ఏడాదిని బట్టి తరాలు విడదీస్తే చిక్కు వస్తుంది. ఎల్లాప్రగడ సీతాకుమారి, సంగం లక్ష్మీబాయి, వనపర్తి సంస్థాన కుటుంబపు కోడలు కుముదినీదేవి, ముగ్గురూ 1911లో పుట్టినవారే. సీతాకుమారి 1934 ఖమ్మం మహిళా సభాధ్యక్షురాలు. లక్ష్మీబాయి గుంటూరు శారదా నికేతనంలో చదివి, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లి, తర్వాత మూడుసార్లు లోక్‌సభకు ఎన్నికయ్యారు. కుముదినీదేవి రాజ కుటుంబాల వాతావరణంలోంచి వచ్చారు. బహిరంగ జీవితంలోకి ఏ గుమ్మం దాటి వచ్చారన్నదే వీరిని వేరుచేసింది, వయసు కాదు.

కుముదినీదేవిని సేవా రంగంలో చేర్చి మహిళోద్యమ చరిత్రలో వదిలేయడం పరిపాటి. 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠు రోగులకు శివానంద పునరావాస కేంద్రం నెలకొల్పారు కనుక అలా జరిగి ఉంటుంది. కానీ 1952లో సురవరం గెలిచిన వనపర్తి స్థానం నుంచే ఆమె 1962లో శాసనసభకు ఎన్నికయ్యారు. హైదరాబాదుకు తొలి మహిళా మేయరూ ఆమే. 2009లో కన్నుమూశారు.