ఆలస్యంగా వచ్చిన నీలం

రాత్రి పది దాటింది. రామచంద్రపురంలో మా ఇంటి హాలు నిండా థర్మాకోల్ పొట్టు. మనవరాలు పొద్దున్నే బడికి రెండు నమూనాలు పట్టుకెళ్లాలి. గుండ్రంగా జంతుకణం, పెట్టెలా పలకలుగా వృక్షకణం. వృక్షకణానికి అట్టముక్కల కణకవచం, పచ్చబఠాణీల హరితరేణువులు, నడుమ నీళ్ల సంచీతో పెద్ద రిక్తిక. జంతుకణానికి ఆ హంగులు లేవు. రెండింట్లోనూ ఉండాల్సినవి చిక్కుడు గింజలు. అవే మైటోకాండ్రియా.

"జిగురు ఎంతకీ ఆరట్లేదు తాతయ్యా!"

"ఆరినప్పుడే ఆరుతుందిలే అమ్మడూ. ఈలోగా మన అనపర్తి అల్లుడి కథ చెబుతాను, విను."

ఆ అల్లుడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టాడు. కాశీలో యాత్రికులకు అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని పదమూడేళ్లకే ఇల్లు వదిలి పారిపోతుంటే, తల్లి వెంకమ్మ వెనక్కి రప్పించింది. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కింది. అమెరికా వెళ్లి చదవడానికి అనపర్తి మామగారు డబ్బు సర్దారు. కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. 1923 అక్టోబరులో బోస్టన్‌లో దిగాడు. చదువుకుంటూనే, పొట్టకూటికి రాత్రిపూట ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగాడు.

హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే దగ్గర చేరాడు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే తేలికైన పద్ధతిని ఇద్దరూ కలిసి తయారుచేశారు. ఆమ్లం కలిసిన మాలిబ్డేట్‌లో నమూనా పోసి, మరో రసాయనం చేరిస్తే నీలిరంగు తేలుతుంది. రంగు ఎంత చిక్కనైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. 1925లో ఆ పద్ధతి అచ్చయింది.

తర్వాత కండరం వంతు వచ్చింది. రసం తీసి గాజు గొట్టంలో పోశారు. వెంటనే తేలాల్సిన నీలం తేలలేదు. పొరపాటు జరిగిందనుకుని ఆ గొట్టాన్ని పారబోయడం ఎవరికైనా తేలికే. వాళ్లు చూస్తూ కూర్చున్నారు. నిమిషాలు గడిచేకొద్దీ నీలం మెల్లమెల్లగా చిక్కబడింది.

అంటే ఫాస్ఫరస్ ఉంది, కానీ విడిగా లేదు. దేన్నో కరుచుకుని ఉంది. ఆమ్లం తగిలాక కొద్దికొద్దిగా ఊడి వస్తోంది. అది కరుచుకున్నది కండరంలోని క్రియాటిన్ అనే పదార్థాన్ని. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ సంగతి లోకానికి చెప్పారు. కండరం కదలడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని శాస్త్రవేత్తలు హిల్, మయర్‌హాఫ్‌లు చెప్పినమాట అప్పటికి నమ్మకంగా చలామణీలో ఉంది. వాళ్లకు 1922 నోబెల్ కూడా దక్కింది. ఆలస్యంగా వచ్చిన ఆ నీలం ఆ నమ్మకాన్ని కదిపింది.

అదే దారిలో 1929లో కండరం నుంచి ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది దాన్ని విడిగా పట్టుకున్నాడు. తిన్న తిండిలోని శక్తిని కణం ఖర్చుపెట్టుకునే చిల్లర ఏటీపీ. మైటోకాండ్రియాలో అది తయారవుతుందని తర్వాతివాళ్లు తేల్చారు. కొబ్బరాకులోనైనా, మన కాలిపిక్కలోనైనా చెల్లే నాణెం అదే.

సుబ్బారావు మళ్లీ ఈ గడ్డ మీద అడుగుపెట్టలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

మనవరాలు గింజల వంక చూసింది. "మరి ఏటీపీని ఎక్కడ పెట్టాలి?"

"ఈ గింజ మైటోకాండ్రియా అయితే, అది బియ్యప్పిండిలో ఒక్క రేణువంత ఉంటుందేమో. ఎలా పెడతావ్?"

వంటింట్లోకి పరుగెత్తి చిటికెడు పిండి తెచ్చింది. రెండు కణాల్లోనూ గింజల చుట్టూ చల్లింది.

జిగురు ఇంకా తడిగా ఉంది. పిండి చక్కగా అంటుకుంది.