పోర్కీస్ డక్ హంట్

1937 ఏప్రిల్ 17న విడుదలైన అమెరికన్ నలుపు-తెలుపు కార్టూన్ హాస్యచిత్రం. లూనీ ట్యూన్స్ వరుసలో లియాన్ ష్లెసింగర్ నిర్మించగా టెక్స్ ఏవరీ దర్శకత్వం వహించాడు. డాఫీ డక్ అనే బాతు పాత్ర తొలిసారి తెరమీదికొచ్చింది ఇందులోనే.

పోర్కీ పిగ్ బాతుల వేటకెళ్లి భంగపడటమే కథ. చిత్రానికి ప్రాణం పోసింది మాత్రం ఒక్క ఘట్టం. నీళ్లలో పడిన బాతు డాఫీని పోర్కీ వేటకుక్క తేవాలి. కానీ బాతే కుక్కను ఒడ్డుకు లాక్కొచ్చి పడేస్తుంది. స్క్రిప్టులో ఇది లేదని పోర్కీ అభ్యంతరం చెబితే, తానో వెర్రిబాతునని చెప్పి, కేకలు పెడుతూ, పల్టీలు కొడుతూ చెరువు మీదుగా గెంతుకుంటూ పోతుంది. తుపాకీకి బెదరకపోగా వేటగాడినే తికమకపెట్టే ఈ ఉల్లాసం అప్పటి కార్టూన్లలో నిజంగా కొత్త ఊపు. ఆ గెంతులకు బొమ్మలు గీసింది బాబ్ క్లాంపెట్. డాఫీకి గొంతునిచ్చిన మెల్ బ్లాంక్, పోర్కీకి గొంతునివ్వడం కూడా ఈ చిత్రంతోనే మొదలుపెట్టాడు.